మొదటి పాట ఎవరిది?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



మొన్న సాయంత్రం మా అమ్మాయి సెల్‌ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, ఈ పాట ఇప్పుడు నంబర్ వన్‌లో ఉంది, తెలుసా?" అంది. "ఎవరు చెప్పారే?" అన్నాను. "ఒకరు చెప్పేదేముంది, ఇక్కడ రాసుందిగా!" అంటూ నవ్వి వెళ్ళిపోయింది. చేతిలో చిక్కుడుకాయలు పెట్టుకుని నేను కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ళ కిందటి ఒక ఆదివారం రాత్రి గుర్తుకొచ్చింది. ఆ రాత్రి సంగతీ, ఈ ఒకటో నంబరు సంగతీ కలిపి ఇవాళ మీతో ముచ్చటిద్దామనుకుంటున్నాను.

మీలో నా ఈడు వాళ్ళకు 'సూపర్ హిట్ ముకాబలా' గుర్తుండే ఉంటుంది. దూరదర్శన్ మెట్రో ఛానల్‌లో ఆదివారం రాత్రి వచ్చేది. నాలుగు మహానగరాల్లోని దూరదర్శన్ రెండో ఛానళ్ళను 1993 జనవరి 26న ఉపగ్రహం ద్వారా కలిపారు. దాన్నే మనం మెట్రో అని పిలుచుకున్నాం. మా పాతబస్తీలో అది కేబుల్ వైరు మీద వచ్చేది. కార్యక్రమాన్ని మొదట్లో నడిపినాయన బాబా సెహగల్. 1992లో 'ఠండా ఠండా పానీ' క్యాసెట్‌తో పేరు తెచ్చుకున్న పాటగాడు. తర్వాత 2008లో మన తెలుగు 'జల్సా' సినిమాకు కూడా పాడాడు. ఆ వారం బాగా నడుస్తున్న హిందీ సినిమా పాటలను కింది నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి ఎక్కించుకుంటూ పోయి, చివరికి ఒకటో నంబరు పాట వేసేవాళ్ళు.

ఈ కిందినుంచి పైకి వెళ్ళే పద్ధతి టీవీ వాళ్ళు కనిపెట్టింది కాదు. మన అమ్మలు దాన్ని రేడియోలోనే విన్నారు. 1952లో కేంద్రంలో సమాచార మంత్రిగా ఉన్న కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో ఆ పాటలు తగ్గిపోయాయి. అదే ఏడాది సిలోన్ రేడియోలో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. అది ఒక టూత్‌పేస్టు పేరు మీద నడిచిన కార్యక్రమం. అమీన్ సయానీ గారి గొంతు కోసం బుధవారం రాత్రి ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవాళ్ళు. మొట్టమొదట ఏడు పాటలు వేసి, వరస మీరే చెప్పండని శ్రోతలనే అడిగేవాళ్ళట. తొలి వారమే 9,000 ఉత్తరాలు వచ్చాయని సయానీ గారే తర్వాత చెప్పుకున్నారు. కొంతకాలానికి అది వరస పాటల కార్యక్రమంగా మారింది. గ్రామఫోన్ రికార్డులు ఎన్ని అమ్ముడుపోయాయో, శ్రోతల సంఘాలు ఏ పాటలు కోరాయో చూసి స్థానాలు ఇచ్చేవాళ్ళు. 1989లో ఆ కార్యక్రమం వివిధభారతికి వచ్చింది. సయానీ గారు 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇక ఆ ఆదివారం సంగతికి వస్తాను.

మేము శాలిబండ దగ్గర ఒక గల్లీలో ఉండేవాళ్ళం. మా గోడకు ఆనుకుని ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆవిడ మా అమ్మకంటే పెద్దది. అమ్మ ఆవిడను ఆపా అనేది, మేం పిల్లలం ఖాలా అనేవాళ్ళం. 1990 డిసెంబరులో పాతబస్తీ అల్లర్లు, కర్ఫ్యూ చూసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ రెండిళ్ళ మధ్య పోట్లాట ఏమీ జరగలేదు. కానీ కర్ఫ్యూ ఎత్తేసినా తలుపులు మాత్రం తెరుచుకోలేదు. కూర గిన్నెలు అటూ ఇటూ పోవడం ఆగిపోయింది. ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. అట్లా రెండేళ్ళు దాటి గడిచాయి.

ఖాలా కొడుకు గల్ఫ్ నుంచి రంగుల టీవీ తెచ్చాక ఒక ఆదివారం ఆవిడ మనవడు మా గుమ్మంలోకి వచ్చి, "దాదీ బులా రహీ హై, పాటలొస్తున్నాయి" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి కొంగు సర్దుకుని లేచింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం గల్లీలోని ఆడవాళ్ళమంతా అక్కడే. పాటల కోసమే అనుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే, మళ్ళీ ఒకళ్ళింట్లో ఒకళ్ళం కూర్చోవడానికి మాకు ఏదో ఒక సాకు కావాల్సి వచ్చింది.

నేను చెప్పే రాత్రి 1994లోది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆగస్టులో 'హమ్ ఆప్‌కే హై కౌన్' విడుదలై, ఎక్కడ విన్నా లతా మంగేష్కర్ గారి గొంతు, మన బాలు గారి గొంతు. ఆ రాత్రి రెండో నంబరు పాట అయిపోయింది. ఇక ఒకటోది వస్తుందనగా టప్పున కరెంటు పోయింది!

అందరూ ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు. ఖాలా కోడలు కందిలి వెలిగించింది. కరెంటు ఎంతకీ రాలేదు. అప్పుడు నేనే, "పోనీ, ఒకటో నంబరు ఎవరిదో మనమే చెప్పుకుందాం. తలా ఒక పాట చెప్పండి, రాస్తాను" అని పలక అందుకున్నాను. గల్లీలో చదువుకున్న పిల్లనని పేరు నాకు. వివిధభారతి 'జనరంజని'కి అందరి తరఫునా కార్డులు రాసేది నేనే. కార్డు 15 పైసలు. రేడియోలో పేరు చదివితే ఆ ఇంట్లో పండుగే.

తొమ్మిది మంది ఆడవాళ్ళు చెప్పారు. 'హమ్ ఆప్‌కే హై కౌన్' పాట చెప్పింది ఇద్దరే. మిగతావన్నీ వేరు వేరు పాటలు. మూడు తెలుగువి, రెండు ఇరవై ఏళ్ళ కిందటివి. అప్పటి టీవీ లెక్కలో వాటికి చోటే లేదు. చివరికి అమ్మ వంతు వచ్చింది. ఏ 'మల్లీశ్వరి' పాటో, లేదంటే తెల్లవారుజామున పాడుకునే భక్తిపాటో చెబుతుందనుకున్నాను. అమ్మ 'పాకీజా' సినిమాలో లతా పాట చెప్పింది.

నేను నోరు తెరిచాను. "నీకు హిందీ పాటలు తెలుసా అమ్మా?" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు, ఖాలా వైపు చూసింది. "మీ రేడియోల వచ్చేది గద ఆపా. గోడ అవతల మీరు పెట్టుకునేటోళ్ళు, ఇవతల రొట్టెలు చేసుకుంట నేను వినేదాన్ని. కర్ఫ్యూల మీ రేడియో బందయింది చూడుండ్రి, గప్పుడు తెలిసింది నాకు ఆ పాటంటే ఎంత ఇష్టమో" అంది.

ఖాలా ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి అందరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

ఆ రాత్రి టీవీలో ఒకటో నంబరు ఏ పాటకు వచ్చిందో నాకు ఇవాళ్టికీ గుర్తులేదు. పలక మీద రాసినవన్నీ మాత్రం గుర్తున్నాయి.

ఇప్పుడు లెక్క సంగతి చూద్దాం. ఒక పాట ఒకటో నంబరు అంటే ఏమిటి? ఎక్కువ మందికి నచ్చిందనుకుంటాం. కానీ నచ్చడాన్ని నేరుగా కొలిచే తక్కెడ ఏదీ లేదు. రికార్డుల అమ్మకం చూస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్ళే లెక్కకొస్తారు. ఆ రోజుల్లో గ్రామఫోన్ ఎన్ని ఇళ్ళల్లో ఉండేది? ఉన్నచోట రికార్డు ఏది కొనాలో ఎవరు తేల్చేవారు? గోడ ఇవతల రొట్టెలు చేసుకుంటూ వినే మనిషి ఒక్క పైసా పెట్టదు కాబట్టి ఆ లెక్కలో ఆవిడ లేనే లేదు. 1980ల్లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ క్యాసెట్లను తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టాక కొనేవాళ్ళు పెరిగారు. అయినా మనలాంటి చాలా ఇళ్ళల్లో ఖాళీ క్యాసెట్ తీసుకెళ్ళి, షాపువాడికి పాటల చీటీ ఇచ్చి రికార్డు చేయించుకునేవాళ్ళం. ఆ చీటీలను ఎవరైనా లెక్కపెట్టారా?

ఉత్తరాలు లెక్కపెడితే రాయడం వచ్చినవాళ్ళే వస్తారు. ఒక్కరే వంద కార్డులు రాయనూ వచ్చు. దూరదర్శన్ 'సురభి' కార్యక్రమానికి లక్షల్లో కార్డులు వచ్చిపడుతుంటే, తపాలా శాఖ పోటీల కోసం వేరే కార్డు తెచ్చి 2 రూపాయలు ధర పెట్టింది. 15 పైసల కార్డుకే లెక్క చూసుకునే ఇల్లాలు 2 రూపాయల కార్డు ఎన్నిసార్లు కొనగలదు చెప్పండి!

పండితుల బహుమతుల సంగతీ అంతే. 'పాకీజా' సంగీత దర్శకుడు గులామ్ మహమ్మద్ 1968లోనే కన్నుమూశారు. సినిమా విడుదలైంది 1972లో. తన పాటలను దేశమంతా పాడుకోవడం ఆయన చూడనే లేదు. ఆ ఏటి ఫిలింఫేర్ సంగీత బహుమతి వేరే సినిమాకు వెళ్ళింది. ఇది అన్యాయమని నటుడు ప్రాణ్ తనకొచ్చిన బహుమతిని కూడా తీసుకోనన్నారు. ఆ బహుమతి రాని పాటే మా గల్లీలో అమ్మకు ఒకటో నంబరు.

ఇప్పుడు టీవీ కార్యక్రమాలకు మీటర్ల లెక్క ఉంది. దీన్ని 2015 నుంచి బార్క్ అనే సంస్థ చూస్తోంది. 2020 నాటికి దేశంలో సుమారు 21 కోట్ల ఇళ్ళల్లో టీవీ ఉంటే, మీటర్లు పెట్టింది 44 వేల ఇళ్ళల్లో. అంటే దాదాపు 5 వేల ఇళ్ళ తరఫున ఒక ఇల్లు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, ఇదీ అటువంటిదే. పద్ధతి తప్పు కాదు. కానీ గిన్నె అంతటా మంట సమంగా తగలాలి. మెతుకు ఏ మూల నుంచి తీశామో చూసుకోవాలి. పైగా ఆ మీటరుకు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బొత్తాం ఉంటుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తమ బొత్తాం నొక్కాలి. మరి వంటింట్లోంచి చెవి అటేసి వినే మన బొత్తాం ఎవరు నొక్కుతారు?

సెల్‌ఫోన్‌లో నంబర్లు ఇంకా తమాషా. పసివాడికి ముద్ద దిగాలని ఒకే పాట పదిసార్లు పెడతాం. వాడు తిన్నది నాలుగు ముద్దలు, పాటకు మాత్రం లెక్క పెరుగుతూనే ఉంటుంది!

అలాగని ఈ వరస పాటల కార్యక్రమాలు అబద్ధమని నేను అనడం లేదు. వాటివల్ల ఎంత సంబరపడ్డాం! బాలు గారి గొంతు హిందీ పాటల్లో మోగితే మనింటి పిల్లవాడికి మొదటి ర్యాంకు వచ్చినట్టుండేది. మరుసటి ఏడాది 'క్రిమినల్' హిందీ పాట వస్తుంటే, ఆ ఎం.ఎం. క్రీమ్ ఎవరో మా గల్లీలో చాలామందికి తెలియదు. ఆయన మన కీరవాణి గారేనని తెలిసినప్పుడు ఖాలాయే ముందుగా చప్పట్లు కొట్టింది. నేను చెప్పేది ఇంతే. నంబరు కనిపించినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. లెక్కపెట్టింది ఎవరు? లెక్కలోకి రాని వాళ్ళెవరు? పాటలకే కాదు, టీవీలో 'నంబర్ వన్' అని చెప్పుకునే సబ్బులకూ మసాలాలకూ కూడా ఇదే ప్రశ్న.

ఆ తర్వాతి వారం గల్లీలో తలా ఐదు రూపాయలు వేసుకున్నాం. పలక మీది పాటలను కాగితం మీదికి ఎక్కించి, చార్మినార్ దగ్గర ఒక షాపులో అరవై నిమిషాల క్యాసెట్‌లోకి రికార్డు చేయించాం. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ఉండేది. కొన్నేళ్ళకు టేపు చుట్టుకుపోయి పాడైంది. నేను పదో తరగతితో చదువు ఆపి పెళ్ళై వేరే వీధికి వచ్చాను. అమ్మ ఇప్పుడు లేదు. ఖాలా కూడా లేరు. ఆ చీటీ మాత్రం నా దగ్గర ఉంది. క్యాలెండరు కాగితం వెనక నీలం సిరాతో, నా చిన్ననాటి అక్షరాలతో.

ఆ రాత్రి కరెంటు పోయి ఉండకపోతే మా అమ్మకు ఇష్టమైన పాట ఏమిటో నాకు తెలిసేది కాదు. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను అడగనే లేదు మరి.

మీ ఇంట్లో అమ్మో, అత్తగారో ఉంటే ఇవాళ పనులయ్యాక పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి. "మీకు అన్నిటికంటే ఇష్టమైన పాట ఏది? అదెక్కడ విన్నారు?" అని. వాళ్ళు చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కింద తేదీ వేయడం మరవకండి.