ఐదో అంతస్తు, లిఫ్ట్ లేదు, పెళ్లయి వారం: ‘బేర్‌ఫుట్ ఇన్ ద పార్క్’ కథేంటి?

పెళ్లయి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే విడాకులంటున్నారు. ఇవాళ్టి మన నాటకంలో గొడవ అదే. నీల్ సైమన్ రాసిన ‘బేర్‌ఫుట్ ఇన్ ద పార్క్’. 1963లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలై 1,530 ప్రదర్శనలు ఆడింది. హీరో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్. 1967లో వచ్చిన సినిమాలోనూ ఆయనే.

కథ సింపుల్. పాల్ కొత్త లాయర్, అంతా పద్ధతి ప్రకారం ఉండాలి. కోరీ ఏది తోస్తే అది చేసే అమ్మాయి. ఆరు రోజుల హనీమూన్ అవగానే ఆమె చూసిన ఇంట్లో దిగుతారు. ఐదో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫిబ్రవరి చలి. పైకప్పు అద్దానికి కన్నం, అందులోంచి మంచు తిన్నగా హాల్లోకి!

ఇక్కడ కామెడీ ఎలా పనిచేస్తుందో చూడండి. ఫోన్ పెట్టడానికి వచ్చినతను, కోరీ వాళ్లమ్మ, పాల్... ఎవరొచ్చినా రొప్పుతూనే వస్తారు. జోక్ ఒక్కటే, కానీ ఒక్కొక్కరి ఆయాసం ఒక్కోలా ఉంటుంది. కోడ్ భాషలో చెప్పాలంటే ఫంక్షన్ ఒకటే, ఇన్‌పుట్ మారుతుంది.

ఇక అసలు గొడవ. పార్కులో నాతోపాటు చెప్పుల్లేకుండా నడవలేదేం అని కోరీ నిలదీస్తుంది. ఆ రోజు చలి 17 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 8. పాల్ చెప్పే కారణం అదే. లాజిక్ కరెక్టే. కానీ ఆమె అడిగింది వాతావరణం గురించి కాదు కదా!

నేనూ ఇదే తప్పు చేశా. పెళ్లయిన కొత్తలో రాత్రి పదకొండింటికి “ఐస్‌క్రీమ్‌కి వెళ్దాం పద” అంది మా ఆవిడ. “రేపు ఆఫీసుంది, పైగా జలుబు” అన్నా. రెండూ నిజాలే. మూడు రోజులు మా ఇంట్లో మాటల్లేవు.

చివర్లో పాల్ తాగేసి, నిజంగానే చెప్పుల్లేకుండా పార్కులో నడిచొస్తాడు. అప్పుడు కోరీకి భయం పట్టుకుంటుంది, ఆ పాత పద్ధతైన పాలే కావాలంటుంది. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. నీలో కొంచెం వదులుకో అని వాళ్లమ్మ సలహా ఇచ్చేది కూతురికే, అల్లుడికి కాదు. అది ఆ కాలం మాట. కానీ కథ పాల్ చేత కూడా చెప్పులు విప్పించింది. నాకు మిగిలింది ఆ సీనే.

ఇప్పుడు ఆవిడ ఐస్‌క్రీమ్ అంటే, జలుబున్నా సరే, ముందు బండి తాళాలు తీస్తున్నా.