దంతక్షయం, చిగుళ్ళ వ్యాధుల నివారణ: ఉత్తరాంధ్ర తీరపు అలవాట్లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
దంతక్షయం, చిగుళ్ళ వ్యాధి రెండూ నిత్యజీవితపు అలవాట్లతో ముడిపడినవి. ఉత్తరాంధ్ర తీరంలోని ఉప్పు, పందుంపుల్ల, అడ్డపొగ అలవాట్లను దంతవైద్య పరిశోధనల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నౌపడ, దంతక్షయం, చిగుళ్ళ వ్యాధి, పందుంపుల్ల, ఫ్లోరైడ్, అడ్డపొగ.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ ఉప్పుమడులకు పేరుపొందిన గ్రామం. ఉప్పు, బొగ్గుపొడి, కచ్చిక, వేప, కానుగ పుల్లలు తెలుగు పల్లెల్లో తరతరాల దంతధావన సాధనాలు. వీటి గుణదోషాలు తేలాలంటే ముందు వ్యాధి స్వరూపం తెలియాలి.

2. వ్యాధి స్వరూపం:
పంటిపై పేరుకొనే పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ విలువ సుమారు 5.5 కన్న తగ్గితే పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ నష్టాన్ని కొంతవరకు పూరిస్తుంది గాని, అందుకు వ్యవధి కావాలి. భోజనాల నడుమ పదేపదే తినే తీపి, పళ్ళకు అంటుకొనే తీపి అధిక హానికరమని స్వీడన్‌లోని విపెహోల్మ్ ప్రయోగాలు (1945–53) చూపాయి. మానసిక వైకల్యం గలవారిపై జరిపినందున అవి నైతికంగా తీవ్ర విమర్శకు గురయ్యాయి. తీపి టీ మాటిమాటికీ తాగేవారికి ఈ ఫలితం వర్తిస్తుంది. బెల్లం వాడినా పంటికి రక్షణ లేదు.

చిగుళ్ళ వాపుకూ పాచే మూలం. 1965లో హెరాల్డ్ లో బృందం ప్రచురించిన పరిశోధనలో, ఆరోగ్యవంతులు పళ్ళు తోమడం మానగా మూడు వారాల లోపే చిగుళ్ళు వాచాయి. తిరిగి తోమగానే తగ్గాయి. వాపు ఎముకకు పాకితే మాత్రం పోయిన ఆధారం పూర్తిగా తిరిగి రాదు. గట్టిపడి గారగా మారిన పాచిని దంతవైద్యుడే తొలగించాలి.

3. స్థానిక అలవాట్లు:
ఉప్పునీటి పుక్కిలింత ఉపశమనమిస్తుంది, పాచిని తొలగించదు. కల్లుప్పుతో, బొగ్గుపొడితో గట్టిగా రుద్దితే పళ్ళు అరుగుతాయి, చిగుళ్ళు దెబ్బతింటాయి. పందుంపుల్ల కొనను మెత్తగా నమిలి తోమితే పాచి కొంత పోతుంది. పళ్ళ లోపలి వైపుకు, సందులకు అది సరిగా అందదు.

ఈ సాధనాలన్నిటిలో కొరవడినది ఫ్లోరైడ్. స్విట్జర్లాండ్‌లో 1955 నుంచి వంట ఉప్పులోనే దానిని కలుపుతున్నారు. తెలుగునేలపై ఆ మార్గం అంత సులభం కాదు. నాటి నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల కలిగిన ఎముకల వ్యాధిని 1937లోనే గుర్తించారు. నల్లగొండ అనుభవమూ తెలిసినదే. అందువల్ల ఫ్లోరైడ్‌ను మింగకుండా, టూత్‌పేస్టు ద్వారా పంటికి అందించడమే అనువైన పద్ధతి.

చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ ఈ తీరపు స్త్రీలలో ఎక్కువగా కనిపించిన అలవాటు. దానివల్ల అంగిలిలో కలిగే మార్పులపై 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. ఈ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. పొగాకు చిగుళ్ళ రక్తస్రావాన్ని కూడా తగ్గిస్తుంది. వ్యాధి లోలోపల ముదురుతున్నా రక్తం కనిపించదు గనుక, చిగుళ్ళు బాగున్నాయన్న భ్రమ కలుగుతుంది.

4. నిత్యాచరణ:
రాత్రి పడుకొనే ముందు, పగలు మరొకసారి, మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాలు ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. నురగను ఉమ్మాలి గాని, వెంటనే ఎక్కువ నీటితో పుక్కిలించరాదు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత పేస్టు చాలు. పళ్ళ సందులను దారంతో శుభ్రపరచాలి. తీపిని భోజనవేళకు పరిమితం చేయాలి. పొగాకును పూర్తిగా మానాలి.

5. ముగింపు:
పందుంపుల్ల నేర్పిన నిత్యనియమం విలువైనది. దానికి ఫ్లోరైడ్, తీపిపై అదుపు తోడు కావాలి. చిగుళ్ళ నుంచి రక్తం కారినా, అంగిలిలో తెల్లమచ్చ గాని రెండు వారాల్లో మానని పుండు గాని కనిపించినా, ఉప్పునీటితో కాలయాపన చేయక దంతవైద్యుని సంప్రదించడం అవశ్యం.