చేలో టవరు... దాని వెనక పెద్దలెవరు?

(మా గ్రామీణ విలేఖరి)

భీమవరం: మోగల్లు పేరు చెప్పగానే ఎవరికైనా అల్లూరి సీతారామరాజు గుర్తుకు వస్తారు. అల్లూరి వారి పూర్వుల ఊరు అది. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల విగ్రహం వెలిసిన నాటి నుంచి ఆ ఊరి పేరు మరింత మారుమోగింది. అయితే అదే మోగల్లులో పుట్టిన మరో పెద్దాయన పేరు చెప్పమని మా ఊరి అరుగు మీద కూర్చున్న పది మందిని అడిగితే ఒక్కరే చెప్పగలిగారు. ఆ ఒక్కరూ రిటైరైన సైన్సు మాస్టారు.

ఆ పెద్దాయన పేరు అయ్యగారి సాంబశివరావు. హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థను నిలబెట్టింది ఆయనే. 'ఈసీఐఎల్' అని బోర్డు ఉన్న బస్సు ఎక్కి అక్కడి చౌరస్తాలో దిగే మన వాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ పక్కనే ఏ.ఎస్. రావు నగర్ అనే పెద్ద కాలనీ ఉంది. అందులో మన జిల్లా కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఏ.ఎస్. రావు ఎవరో, ఏ ఊరి వారో ఆ కాలనీలో అద్దెకున్న మా మేనల్లుడికే తెలియదు.

ఇంతకీ ఆయన సంగతి ఇప్పుడెందుకు వచ్చిందంటే, మా ఊరి టవరు వల్ల వచ్చింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటింది. కరెంటు పోయింది. తెల్లవారేసరికి టవరూ మూగబోయింది. ఊళ్లో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి గాని ఒక్కటీ పలకదు. దుబాయిలో, కువైట్‌లో ఉన్న పిల్లలు ఇళ్ల వాళ్లు ఏమయ్యారోనని అక్కడ తల్లడిల్లారు. టవరు దడికి కట్టిన రేకు మీద ఒక నెంబరు ఉంది. ఆ నెంబరుకు చెయ్యాలన్నా ఫోను పలకాలి కదా! నలుగురం కాలవ గట్టు మీదుగా మూడు మైళ్లు నడిచి, సిగ్నలు తగిలిన చోట నిలబడి ఫోను చేశాం. అవతలి మనిషి హిందీలో ఫిర్యాదు రాసుకున్నానన్నాడు. కాపలా మనిషిని అడిగితే జనరేటరులో డీజిలు అయిపోయిందని, అది తెచ్చేది కంట్రాక్టరని, ఆ కంట్రాక్టరు పైన మరో కంట్రాక్టరు ఉన్నాడని చెప్పాడు. ఆ పైన ఎవరంటే చేతులు తిప్పాడు. చేను ఇచ్చిన రైతుకు కూడా అద్దె బ్యాంకులో పడటమే తెలుసు, ఇచ్చే వారెవరో తెలియదు.

అప్పుడు ఒక ముసలాయన అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం: "ఈ ఇనుప స్తంభానికి ఆసామీ అనేవాడు ఉన్నాడా, లేడా?"

ఆసామీ ఫోను కంపెనీ కాదు

చాలా మంది రైతులు అనుకునేట్టు మన ఫోను ఏ కంపెనీదో టవరు కూడా ఆ కంపెనీదే కానక్కరలేదు. టవరు, దడి, బ్యాటరీలు, జనరేటరు ఒక కంపెనీవి. ఫోను కంపెనీలు తమ తెల్లని పొడుగాటి పెట్టెలను, డోలు వంటి గుండ్రటి పళ్లేలను దాని మీద తగిలించుకుని అద్దె కడతాయి. ఒకే స్తంభం మీద రెండు మూడు కంపెనీలు ఉండవచ్చు. ఒక కాంప్లెక్సు కట్టి కొట్లు అద్దెకిచ్చినట్టే ఇదీ. ఎంత మంది అద్దెకుంటే ఆసామీకి అంత లాభం.

మన దేశంలో ఈ వ్యాపారం 2007 నుంచి ఊపందుకుంది. ఆ ఏడే భారతి, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ పెట్టాయి. 2020 నవంబరులో అది భారతి ఇన్‌ఫ్రాటెల్‌తో కలిసిపోయింది. ఇప్పుడు దాని టవర్లు 2 లక్షలకు పైమాటే. అమెరికన్ టవర్ అనే కంపెనీ కూడా 2007లోనే మన దేశంలో కాలు పెట్టింది. 70 వేలకు పైగా టవర్లు సంపాదించి, 2024 సెప్టెంబరులో వాటిని బ్రూక్‌ఫీల్డ్ అనే కెనడా పెట్టుబడిదారుల ట్రస్టుకు అమ్మేసింది. అంటే మన గట్టు మీద టవరు కదలకుండా నిలబడి ఉండగానే దాని ఆసామీ మారిపోవచ్చు. చేను ఇచ్చిన రైతుకు ఆ కబురు కాగితం మీద ఎప్పటికో చేరుతుంది.

విమానం నడిపిన వారు, పద్దులు రాసిన వారు

ఇలాంటి కంపెనీల పెద్దలు ఏం చదివి, ఏ పని చేసి ఆ కుర్చీ ఎక్కారో చూస్తే వింతగా ఉంటుంది.

అమెరికన్ టవర్ కంపెనీ 1995లో ఒక రేడియో స్టేషన్ల కంపెనీలో చిన్న విభాగంగా పుట్టి, 1998లో వేరు పడింది. దాన్ని మొదలుపెట్టిన స్టీవ్ డాడ్జ్ రేడియో స్టేషన్ల వ్యాపారి. ఆయన తరువాత 2003లో అధిపతి అయిన జేమ్స్ టేక్లెట్ అమెరికా వైమానిక దళంలో పైలట్. గల్ఫ్ యుద్ధంలో పెద్ద రవాణా విమానాలు నడిపారు. తరువాత విమాన ఇంజన్ల కంపెనీలలో పని చేసి టవర్లలోకి వచ్చారు. 2020లో మళ్లీ విమానాల వైపే వెళ్లి, లాక్‌హీడ్ మార్టిన్ అనే యుద్ధ విమానాల కంపెనీకి పెద్ద అయ్యారు. ఆయన స్థానంలో వచ్చిన టామ్ బార్ట్‌లెట్ అప్పటికి పదకొండేళ్లుగా అదే కంపెనీ లెక్కలు చూస్తున్న వారు. 2024 ఫిబ్రవరిలో కుర్చీ ఎక్కిన స్టీవ్ వాండ్రన్ లాయరు. 2000లో కంపెనీ లీగలు విభాగంలో చేరి మెట్టు మెట్టుగా పైకి వచ్చారు.

వ్యాపారి, పైలట్, పద్దుల మనిషి, లాయరు. ఈ వరుసలో సోల్డరింగు ఇనుము పట్టుకుని రేడియో పెట్టెను స్వయంగా బిగించిన మనిషి కనిపించడు. దాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు. స్థలం అద్దెకు తీసుకుని, స్తంభం వేసి, ఇరవై ఏళ్ల కరారు రాయించుకునే వ్యాపారంలో లాయరు పైకి రావడం సహజమే. మన వైపు రైసు మిల్లులలోనూ అంతే కదా. మిల్లు మొదలుపెట్టిన తాతకు మర చప్పుడు విని లోపం చెప్పే చెవి ఉండేది. మనవడికి బ్యాంకు కాగితాలు తెలుసు.

స్తంభం వేయడం ఒక విద్య, దాని మీద పెట్టే పరికరం తయారు చేయడం మరో విద్య. ఈ రెండో విద్యకు మన దేశంలో పునాది వేసిన వారిలో మోగల్లు సాంబశివరావు గారు ఒకరు.

మోగల్లు నుంచి ట్రాంబే దాకా

సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న పుట్టారు. అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లాయే లేదు. 1925లో గాని అది ఏర్పడలేదు. దేశంలో రేడియో స్టేషన్లు 1927లో గాని క్రమంగా నడవడం మొదలు కాలేదు. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు స్తంభానికి కట్టిన లౌడ్ స్పీకరులో సాయంత్రం పూట రైతుల కార్యక్రమం విన్న తరం ఇంకా మన ఊళ్లలో ఉంది. ఆ రేడియో మన పల్లెలకు రాక మునుపే ఈ డెల్టా కుర్రవాడు కాశీకి వెళ్లి హిందూ విశ్వవిద్యాలయంలో సైన్సు చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఆ తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తి చేశారు.

తిరిగి వచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర టాటా పరిశోధన సంస్థలో చేరారు. అక్కడ ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలను కొలవడానికి పెద్ద పెద్ద బెలూన్లను పైకి వదిలేవారు. బెలూను పైన ఎక్కడో ఉంటుంది, మనిషి కింద ఉంటాడు. పైన పరికరం చలికి, కుదుపుకు చెడిపోకుండా పని చేయాలి. ఆ పరికరాలు బజారులో దొరికేవి కావు, ఎవరికి వారు చేసుకోవలసిందే. ఆ విశ్వకిరణాల పరిశోధనలో సాంబశివరావు గారి పేరు 1953 నాటి శాస్త్ర పత్రికలో ఉంది.

ట్రాంబేలో అణుశక్తి కేంద్రం ఏర్పడ్డాక ఎలక్ట్రానిక్స్ పని ఆయన చేతికి వచ్చింది. 1956 ఆగస్టు 4న మన దేశపు తొలి అణు రియాక్టరు అప్సర పని మొదలు పెట్టింది. దానికి కళ్లూ చెవులూ అనదగ్గ నియంత్రణ పరికరాలను ఆయన బృందమే ఇక్కడ తయారు చేసింది. 1965లో ఇంజనీరింగుకు ఇచ్చే భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి.

నలుగురు సభ్యుల కమిటీ

1962లో చైనాతో యుద్ధం జరిగింది. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం ఇతర దేశాల మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. 1963 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అందులో ఉన్నది నలుగురే. భాభా, విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. భగవంతం గారిది అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. అంటే కృష్ణా డెల్టా వైపు నుంచి ఒకరు, గోదావరి డెల్టా నుంచి ఒకరు కూర్చుని దేశంలో రేడియో, టీవీ, టెలిఫోను పరికరాలు ఎలా తయారు కావాలో చర్చించారన్న మాట.

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. కమిటీ నివేదిక మాత్రం ఆ ఏడే వచ్చింది. మరుసటి ఏడు, 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఈసీఐఎల్ ఏర్పడింది. ట్రాంబేలో చేయి తిరిగిన వాళ్లను వెంట పెట్టుకుని సాంబశివరావు గారు దానిని నడిపించారు. రిపోర్టు రాసిన వారే ఫ్యాక్టరీ పెట్టి చూపించడం మన దేశంలో తరచు జరిగే పని కాదు.

పల్లెల సంగతికి వస్తే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలో సుమారు 2400 పల్లెలకు టీవీ చూపించారు. ఆ ఊళ్లలో పెట్టిన సెట్లు ఈసీఐఎల్‌లో తయారైనవే. ఆకాశం నుంచి బొమ్మ పట్టే పళ్లెం పది అడుగుల వెడల్పున, కోళ్ల దొడ్డికి కట్టే ఇనుప వల వంటి దానితో చేసినది. ఖరీదైన రేకు అక్కర్లేదు, వల చాలు, గాలి కూడా దూరి పోతుంది. తుపాను దెబ్బ ఎరిగిన మన లంక గ్రామాల వారికి ఆ ఉపాయం విలువ వేరే చెప్పాలా?

ఆ తరువాత చాలా కాలానికి, 2008లో, చంద్రయాన్‌తో మాట్లాడటానికి బెంగుళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల పళ్లెం లేచింది. అందులోనూ ఈసీఐఎల్ చేయి ఉంది. సాంబశివరావు గారు దానిని చూడలేదు. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు.

ఇటీవల 2025 సెప్టెంబరు 27న ప్రభుత్వ రంగంలోని బీఎస్ఎన్ఎల్ తన 4జీని దేశంలోనే తయారైన పరికరాలతో సుమారు 97,500 టవర్ల మీద ప్రారంభించింది. 1963లో నలుగురు కూర్చుని మాట్లాడుకున్న మాట అరవై రెండేళ్ల తరువాత కొంత మేరకైనా మన స్తంభాల మీదకు ఎక్కింది. ఇంత ఆలస్యం ఎందుకయిందో అడగవలసిన వారిని అడగాలి.

మన పిల్లలు ఎక్కడున్నారు?

ఉన్నారు, టవరు మీద ఉన్నారు. నడుముకు బెల్టు కట్టుకుని నలభై మీటర్ల ఎత్తు ఎక్కి పెట్టెలు బిగించే కుర్రవాళ్లలో మన డెల్టా వాళ్లు ఎంతో మంది. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన వారు. జీతం కంట్రాక్టరు చేతిలో ఉంటుంది. వాన పడుతుండగా ఎక్కవద్దని నియమం ఉన్నా, సిగ్నలు పోయిందని పై నుంచి ఫోను వస్తే ఎక్కక తప్పదని వాళ్లలో ఒకతను చెప్పాడు. స్తంభం మొదట్లో నిలబడిన ఈ పిల్లవాడికీ, పైన కుర్చీలో కూర్చున్న లాయరుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్క పెట్టడం కష్టం. సాంబశివరావు గారి రోజుల్లో పని చేసే చేయి, ఆజ్ఞ ఇచ్చే నోరు ఒకే గదిలో ఉండేవి. డీజిలు అయిపోతే మూడు రోజులు తెలియకుండా ఉండే అవకాశం అప్పుడు తక్కువ.

చేను ఇచ్చే ముందు

రైతులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. 'మీ చేలో టవరు వేస్తాం, నెలకు ఇంత అద్దె, ముందుగా రిజిస్ట్రేషనుకు డబ్బు కట్టండి' అని ఫోను వస్తే అది మోసమే. టవరు కంపెనీ రైతుకు డబ్బు ఇస్తుంది గాని రైతు దగ్గర తీసుకోదు. ప్రభుత్వ టెలికాం శాఖ కూడా ఈ మాట పదే పదే హెచ్చరించింది. అయినా మా పక్క ఊరిలో ఒక రైతు పుస్తెల తాడు కుదువ పెట్టి డబ్బు పంపి మోసపోయాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వరు.

నిజమైన కరారు అయితే అందులో ఆసామీ కంపెనీ పేరు, ఆఫీసు చిరునామా, కంపెనీ చేతులు మారితే రైతుకు ఎన్ని రోజులలో తెలపాలి అన్నది రాయించుకోవాలి. తెలుగులో చదివించుకుని గాని సంతకం పెట్టరాదు.

మా ఊళ్లో టవరు నాలుగో నాడు మధ్యాహ్నం పలికింది. ఆటోలో రెండు డబ్బాల డీజిలు వచ్చింది. తెచ్చిన కుర్రవాడు పెనుగొండ వైపు వాడు. గండి పడిన రోడ్డు మీద ఆటో దిగి డబ్బాలు భుజాన మోసుకు వచ్చాడు. వచ్చే వానాకాలం లోపు దడిలో అదనంగా డీజిలు నిలవ ఉంచాలని కోరుతూ పంచాయతీ తీర్మానం చేసింది. తీర్మానం ప్రతి ఏ చిరునామాకు పంపాలా అని కార్యదర్శి ఇంకా వెతుకుతున్నారు.