సర్వాయి పాపన్న: చరిత్రకారుని కలము, జానపదుని గళము

రష్యా దేశంలో కసాక్కు నాయకుడైన స్తెంకా రాజిన్ 1670లో జారు ప్రభుత్వంపై తిరుగుబాటు చేసి, వోల్గా తీరంలోని ఆస్ట్రఖాన్ నగరాన్ని వశపరచుకొన్నాడు. మరుసటి సంవత్సరమే మాస్కోలో అతనికి మరణదండన విధించారు. చర్చి అతనిని శపించింది. ప్రజలు మాత్రం పాటలలో బ్రతికించుకొన్నారు. అటువంటి వీరుడు మన తెలంగాణలోనూ ఉదయించాడు. అతడే సర్వాయి పాపన్న.

గీతవృత్తి కుటుంబంలో పుట్టిన పాపన్న కల్లుకుండను విడిచి కత్తి పట్టాడు. మొగలు పాలన సడలుతున్న సమయమది. జనగామ ప్రాంతంలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టుకొని, 1708లో మొహర్రం వేళ వరంగల్లును, అటుపిమ్మట భువనగిరిని కొల్లగొట్టాడు. 1709లో హైదరాబాదుకు వచ్చిన బహదూర్‌షా చక్రవర్తి అతని కానుకలు స్వీకరించి, గౌరవవస్త్రాలు బహూకరించాడు. కాని కులీనుల ఫిర్యాదులతో ఆ ఆదరణ నిలువలేదు. హైదరాబాదు సుబేదారు యూసుఫ్‌ఖాన్ సేనలు అతనిని ముట్టడించాయి. 1710లో పాపన్న పట్టుబడి వధింపబడ్డాడు.

ఈ వృత్తాంతానికి సాక్షులు ఇద్దరు. మొదటివాడు పారసీకంలో ‘ముంతఖబుల్ లుబాబ్’ రచించిన ఖాఫీఖాన్. అతని దృష్టిలో పాపన్న కేవలం దోపిడీదొంగ. సొంత సోదరినే దోచినవాడు. రెండవ సాక్షి జానపదుడు. అతని పాటలో పాపన్న కులవృత్తిని కాదని గోల్కొండనే ఏలగోరిన ధీరుడు. ఆ గాథను 19వ శతాబ్దిలో బాయిల్ సేకరించగా, 1874లో అది ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వెలువడింది.

వీరిలో ఎవరిని నమ్మాలి? ఆస్థాన చరిత్ర సంపన్నుల భయాన్ని చెబుతుంది; పాట పేదల ఆశను చెబుతుంది. వరంగల్లులో చెరపట్టబడిన స్త్రీల దుఃఖం పాటకు పట్టలేదు. పాపన్న వెంట నడిచిన పేదల ఆకలి గ్రంథానికి పట్టలేదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తున్నది.

ఇది హిందూ ముస్లిముల పోరాటమని భావించడం కూడా పొరపాటే. పాటలోని అనుచరులలో చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందులతోపాటు హసన్, హుస్సేన్, దూదేకుల పీర్ ఉన్నారు. అతనిని ఎదిరించినవారిలో మొగలు ఫౌజుదారులేకాక, కౌలాసు వెంకటరావువంటి హిందూ జమీందారులూ ఉన్నారు. అక్కడి విభజన మతానిది కాదు, అధికారానిది, కడుపుకూటిది.

ఉర్దూ తెలిసిన విద్యార్థికి పారసీక గ్రంథం చేరువవుతుంది. తెలుగు తెలిసిన విద్యార్థికి పాట తల్లిపాలవంటిది. రెండూ తెలిసినవాడు ఇద్దరు సాక్షులను ఒకేచోట నిలిపి విచారింపగలడు. సత్యాన్వేషణకు అంతకుమించిన సాధనం లేదు.