బెయిలు వచ్చిందంటే కేసు పోయినట్టేనా?

మొన్న మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పేపరు చూస్తున్నాం. హత్య కేసులో నిందితుడికి బెయిలు వచ్చిందని ఒక వార్త. "ఇంకేముంది, బయటపడిపోయాడు" అంది నా స్నేహితురాలు. నేనూ ఔననే అన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి మా పెదనాన్నగారితో అదే మాట అన్నాను. ఆయన ముప్పై ఏళ్ళు బరంపురంలో వకీలు గుమాస్తాగా చేశారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "బెయిలంటే తీర్పనుకున్నావేటే?" అన్నారు. ఆ రాత్రి ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

బెయిలు ఇచ్చేటప్పుడు ఇతను నేరం చేశాడా లేదా అని కోర్టు తేల్చదు. అది సాక్షుల్ని విచారించాక తేలే సంగతి. అప్పటిదాకా మనిషిని లోపల ఉంచాలా, పిలిచినప్పుడు వస్తాడని పూచీ తీసుకుని వదలాలా అన్నదే అక్కడి ప్రశ్న.

చట్టం బెయిలబుల్ అని చెప్పిన నేరాల్లో బెయిలు నిందితుడి హక్కు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాల్లో అలా కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షన్ ప్రకారం, అలాంటి నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణాలు కనబడితే మేజిస్ట్రేటు బెయిలు ఇవ్వకూడదు. ఆడవాళ్ళకి, పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి, జబ్బుపడిన వాళ్ళకి సడలింపు ఉంది. అయితే ఇవ్వవచ్చు అన్నారే గాని, ఇచ్చి తీరాలని అనలేదు. సెషన్స్ కోర్టుకీ హైకోర్టుకీ 483వ సెక్షన్ కింద ఇంతకంటే విశాలమైన అధికారం ఉంది. అందుకే హత్య కేసుల్లో దరఖాస్తులు మామూలుగా అక్కడికే వెళతాయి.

అక్కడ జడ్జిగారు ఏం చూస్తారు? ఆరోపణకి పైకి కనబడే ఆధారం ఉందా, నేరం ఎంత తీవ్రమైనది, ఎంత శిక్ష పడవచ్చు, వదిలితే పారిపోతాడా, మళ్ళీ అలాంటి పనే చేస్తాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా. 2010లో ప్రశాంత కుమార్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ ఒకచోట చేర్చి చెప్పింది. వీటిని పట్టించుకోకుండా యాంత్రికంగా ఇచ్చిన బెయిలుని పైకోర్టు కొట్టేయవచ్చు.

కొన్ని చట్టాలు ఇంకా బిగుతుగా ఉంటాయి. మన సరిహద్దుల్లో తరచూ వినబడే గంజాయి కేసులే తీసుకోండి. పట్టుబడిన సరుకు 20 కిలోలు దాటితే, నిందితుడు దోషి కాడని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని కోర్టుకి అనిపించాలి. అంటే బరువు నిందితుడి మీదికి వచ్చిపడుతుంది.

మరోవైపు, పోలీసులకీ గడువు ఉంది. పదేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, మిగతా వాటిలో 60 రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయాలి. వేయకపోతే, నేరం ఎంత పెద్దదైనా, అడిగిన నిందితుడికి బెయిలు హక్కు అవుతుంది.

బెయిలు వచ్చినా బయటికి రాలేని వాళ్ళున్నారు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీని పదివేల పూచీకత్తు అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. దూరప్రాంతంలో పట్టుబడిన తెలుగువాడో తమిళుడో అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎక్కణ్ణించి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. ఒడిశాలో ఉంటున్న తెలుగుపిల్లని కాబట్టి, ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగిపోయాను.

"మరి ఫిర్యాదు చేసిన ఆడపిల్ల సంగతి?" అని అడిగాను. పెదనాన్నగారు ఒక కేసు చెప్పారు. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, పొరుగింటి ఆవిడ మీద లైంగిక దాడి చేశాడన్న కేసులో నిందితుడికి ఒక షరతు మీద బెయిలిచ్చింది. అతను మిఠాయిలతో ఆవిడ ఇంటికే వెళ్ళి రాఖీ కట్టించుకోవాలట! అపర్ణా భట్, మరో ఎనిమిది మంది మహిళా న్యాయవాదులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2021 మార్చిలో కోర్టు ఆ షరతు కొట్టేసింది. బెయిలు షరతులు నిందితుణ్ణి బాధితురాలి దగ్గరికి పంపేవిగా ఉండకూడదనీ, బెయిలిచ్చిన సంగతి ఫిర్యాదుదారుకి వెంటనే తెలపాలనీ చెప్పింది.

నా భయం పూర్తిగా పోలేదు. అదే వీధిలో ఉండే సాక్షికి, సాయంత్రం అతను ఎదురుపడితే సెక్షన్లు గుర్తొస్తాయా? "బెదిరిస్తే బెయిలు రద్దు చేయమని అడగొచ్చు. కానీ అడగొచ్చని ముందు ఆవిడకి తెలియాలి కదే" అన్నారు పెదనాన్నగారు. ఈ వ్యాసం గోడ మీద పెడుతున్నది అందుకే. ఈసారి పేపర్లో బెయిలు వార్త కనబడితే, ఏ కోర్టు, ఏ కారణంతో, ఏ షరతుల మీద ఇచ్చిందో కూడా చదవండి.