తవ్విన రాయికి వెల యెంత?

పిడుగురాళ్ల పేరు చెప్పగనే తెలుగువారికి సున్నము జ్ఞప్తికి వచ్చును. పల్నాటి నేలలో పొరలు పొరలుగా నున్న సున్నపు రాతిని తవ్వి, బట్టీలలో కాల్చియు, ముగ్గు మిల్లులలో పొడి చేసియు ఈ యూర అనేక కుటుంబములు జీవించుచున్నవి. ఆ రాతికి నిజమైన వెల యెంత యను విషయమును ఇచ్చట విచారింతము.

ఇందులకు ఒక యాట మనకు తోడ్పడును. ఐస్లాండు దేశపు సి.సి.పి. సంస్థ 2003లో ఆరంభించిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అను అంతర్జాల క్రీడయందు వేలాదిమంది ఒకే కల్పిత ఆకాశమున ఓడలు నడపుదురు. గ్రహశకలములను తవ్వి ఖనిజము తీయుదురు, దానితో ఓడలు నిర్మింతురు, అంగడిలో విక్రయింతురు. యుద్ధములలో ఓడలు నశించుచుండును గనుక ఖనిజమునకు గిరాకి తఱుగదు. 2007లో ఆ సంస్థ ఒక అర్థశాస్త్రవేత్తను నియమించుకొన్నదనిన, ఆ యంగడి వట్టి వినోదము కాదని తెలియుచున్నది.

ఆ క్రీడలో క్రొత్తవారు తఱచుగా పొరబడునది యొకటి కలదు. తామే తవ్విన ఖనిజము తమకు ఊరకనే వచ్చినదని తలచి, దానితో ఓడ కట్టి చౌకగా నమ్ముదురు. ఖనిజమునే యమ్మియుండిన నెక్కుడు ధనము వచ్చియుండునని గమనింపరు.

ఈ లెక్కను బట్టీకి అన్వయింతము. శుద్ధమైన సున్నపు రాయి 100 కిలోలు కాల్చినచో 56 కిలోల సున్నము మిగులును; తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోవును. కావున టన్ను సున్నమునకు, వ్యర్థమును కలుపుకొని, రెండు టన్నుల రాయి వలయుననుకొందము. ఉదాహరణకై మేము వేసిన అంకెలివి: రాయి బయట టన్ను 500 రూపాయలు, స్వంత క్వారీలో తవ్వుడు కూలి 200, కాల్చుటకు బొగ్గు, కూలి మొదలగునవి 3,200, సున్నము ధర 4,000. స్వంత రాయి గలవాడు తవ్వుడు కూలి 400 తీసివేసి, 400 రూపాయలు లాభమనుకొనును. కాని ఆ రెండు టన్నుల రాతినే యమ్మియుండిన 600 మిగిలెడివి. బట్టీ వెలిగించుటవలన 200 రూపాయలు పోయినవన్నమాట! స్వంత రాయియైనను దాని వెల అంగడి వెలయే.

ఇంతవరకు ఆటకును ఊరికిని భేదము లేదు. ఇక ముఖ్యమైన భేదము: ఆటలో తవ్వి ముగించిన శకలములు మరల మొలచును, పల్నాటి రాయి మొలవదు. రాతిని లేనిచోట సృష్టింపగల ఆ క్రీడాధికారులే, ఖనిజము మితిమీరి పేరుకొనుటచే 2020లో దాని రాకను తగ్గింపవలసి వచ్చినది. సృష్టింపలేని మనము మఱెంత జాగరూకులమై యుండవలెను!

తరిగిపోవు సంపదను గూర్చి హెరాల్డ్ హోటలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1931లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. నేడు తీసిన టన్ను రేపు తీయదగిన టన్నును హరించును. కనుక తవ్వుడు ఖర్చుపైన, ఆ కోల్పోయిన రేపటి విలువయు వెలలో చేరవలెనని దాని సారాంశము.

మనదేశమున ఆ విలువలో నొక భాగమును రాబట్టు సాధనమే రాయల్టీ. 1957 నాటి గనుల చట్టము క్రింద, కట్టడపు సున్నమునకై బట్టీలలో కాల్చు రాయి చిన్నతరహా ఖనిజముగ మునుపు ఎన్నబడుచుండినందున, అప్పుడు దాని రాయల్టీని రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనమండుగురి మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదనియు, ఖనిజహక్కునకు కౌలుదారు చెల్లించు ప్రతిఫలమనియు తీర్పు చెప్పినది. 2015 నాటి చట్టసవరణ, గనులవలన బాధపడు ప్రజల మేలుకొరకు జిల్లా ఖనిజ నిధిని ఏర్పఱచవలెనని విధించినది.

కావున రాయల్టీ చెల్లింపక రాత్రివేళ దాటిపోవు లారీ పన్నును మాత్రమే యెగవేయుటలేదు. తిరిగిరాని వస్తువును వెల యీయక కొనిపోవుచున్నది. రాయి వెళ్లినచోట గుంట మిగులును. ఆ గుంటకు బదులు ఊరికి బడియో, మంచినీరో, వైద్యశాలయో మిగిలినచో రాయికి తగిన వెల ముట్టినట్లు. లేనిచో పల్నాడు తన రాతిని ఊరక ఇచ్చివేసినట్లే.