ముసుగు వీరుడూ, మగవేషపు రాణీ

పిల్లలూ! ముఖానికి నల్లటి ముసుగు, చేతిలో సన్నని కత్తి - ఇది జోరో వేషం. జాన్‌స్టన్ మెకల్లీ అనే అమెరికా రచయిత 1919లో ఈ వీరుణ్ణి సృష్టించాడు. 1998లో వచ్చిన సినిమాలో ముసలివాడైన జోరో ఒక దుడుకు కుర్రవాణ్ణి చేరదీసి, కత్తి తిప్పటమూ కోపం అణచుకోవటమూ నేర్పి, తన తరువాత జోరో అతడే అని దీవిస్తాడు.

అటువంటి కథ మన ఓరుగల్లుకూ వున్నది. 2015లో గుణశేఖర్ తీసిన "రుద్రమదేవి"లో ముసుగుకు బదులు మగవేషం. కొడుకులు లేని గణపతిదేవ చక్రవర్తి, కూతురినే కొడుకని లోకాన్ని నమ్మిస్తాడు. శివదేవయ్య మంత్రి ఆమెకు గురువు. ఇక బందిపోటు గోన గన్నారెడ్డి తెర మీదికి వస్తే హాలులో ఈలలే ఈలలు!

ఒకసారి పిల్లలను ఖిలా వరంగల్ తీసుకుపోయాను. రాతి తోరణం కింద ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఆమెకు కత్తి తిప్పటం వచ్చు గదా! మరి ఆడపిల్లనని ఎందుకు చెప్పుకోలేదు?"

ఈ ప్రశ్నకు జవాబు రాళ్లలో వెతకాలి. శాసనాలలో ఆమెను "రుద్రదేవ మహారాజు" అని రాసిన మాట నిజమే. ఆ కాలంలో సింహాసనం మగవాడిదే అనుకునేవారు. కాని సంగతి దాచారా? గణపతిదేవుడే ఆమెను నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చి పెళ్లి చేశాడు. పెళ్లి చేసిన తండ్రి ఆ రహస్యం ఎట్లా దాస్తాడు, మీరే చెప్పండి!

గుంటూరు జిల్లా మల్కాపురంలోని 1261 నాటి శాసనంలో కూడా ఆమె గణపతిదేవుని కూతురుగానే కనిపిస్తుంది. తండ్రికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలు దానం చేసింది. ఆ రాబడితో అక్కడ విద్యార్థులకు చదువు, రోగులకు ఆరోగ్యశాల, తల్లులకు ప్రసూతిశాల నడిచాయి. సినిమాలోని గురువు కంటె, బడిపంతులునైన నాకు ఈ గురువే ఎక్కువ నచ్చాడు.

గన్నారెడ్డి కూడా కట్టుకథ కాదు. రాయచూరు కోట గోడలో 41 అడుగులు దాటిన ఒకే రాయి వున్నది. దాని మీద 1294 నాటి శాసనంలో అతని పేరు చెక్కివున్నది.

దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వస్తే రుద్రమ తరిమికొట్టింది. తరువాత ఓరుగల్లు స్వయంభూదేవుని గుడికి రంగమంటపం కట్టించింది. అక్కడి శిల్పంలో ఒక స్త్రీ సింహం మీద కూర్చుని వున్నది. ఒక చేత కటారి, ఒక చేత డాలు. అది రుద్రమే అంటారు చరిత్రకారులు. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి తోరణం వదిలి, "ఏదీ సార్, ఆ మంటపం ఎక్కడ?" అంటూ రాళ్ల మధ్య వెతకటం మొదలుపెట్టింది.